విమానాశ్రయం చుట్టూ పుణ్యక్షేత్రాలు... కోనేళ్లు నిండితేనే కళ

శంషాబాద్: విమానం నేలకు దిగే ముందు కిటికీలోంచి కిందికి చూస్తే బండరాళ్ల గుట్టలు, వాటి నడుమ అక్కడక్కడ మెరిసే చెరువులు కనిపిస్తాయి. నిమిషాల్లో చక్రాలు రన్‌వేను తాకుతాయి. సామాను చేతికందగానే ప్రయాణికులు కార్లెక్కి, బస్సులెక్కి హైదరాబాద్ దారి పడతారు. దేవుడి మొక్కు వున్నవారు తిరుపతికో, శ్రీశైలానికో, యాదగిరిగుట్టకో, భద్రాచలానికో ప్రయాణం కడతారు. విమానం కిటికీలోంచి కనిపించిన ఆ గుట్టల మీద, ఆ చెరువుల పక్కన కూడా దేవుళ్లున్నారనీ, పీర్లున్నారనీ, ఎన్నో తరాల భక్తి పేరుకుని వుందనీ చాలామందికి తెలియదు.

శంషాబాద్‌ను కేంద్రంగా చేసుకుని ముప్ఫై కిలోమీటర్ల మేర గిరి గీస్తే అందులో ఒక రామాలయం, ఒక బాలాజీ ఆలయం, కోనేటి నడుమ వెలసిన ఒక శివాలయం, రెండు ప్రసిద్ధ దర్గాలు, ఒక మహా విగ్రహం, లక్షమంది కూర్చునే ఒక ధ్యాన మందిరం వస్తాయి. కాశీ, కంచి వంటి క్షేత్ర నగరాల్లో ఒక వీధి నుంచి మరో వీధికి నడిచి చేసే దర్శనాలను ఇక్కడ ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లి చేసుకోవాలి. అంతే తేడా. ఒక రోజు తీరిక, ఒక బండి వుంటే ముఖ్యమైనవన్నీ చూసి రావచ్చు. రెండు రోజులైతే మరీ మంచిది.

అయితే ఈ యాత్రలో ఒక విషయాన్ని గమనించకుండా వుండలేం. ఇక్కడి పాత క్షేత్రాలు దాదాపు అన్నీ నీటిని ఆశ్రయించి పుట్టినవే. కోనేరు, చెరువు, బావి, వాగు... ఏదో ఒకటి వుంటేనే పెద్దలు గుడి కట్టారు. ఇప్పుడు రోడ్లు వెడల్పవుతున్నాయి, భూముల ధరలు ఆకాశాన్నంటుతున్నాయి, నీటికి మాత్రం చోటు తగ్గుతోంది. గోపురాలను చూసుకున్నంత శ్రద్ధగా కోనేళ్లనూ చూసుకోకపోతే రేపటి యాత్రికుడికి మిగిలేది రాతి కట్టడం మాత్రమే.

పేరు వెనుక పాయిగాలు

శంషాబాద్ అన్న పేరు హైదరాబాద్ రాజ్యంలో నిజాం తర్వాత అంతటివారుగా వెలిగిన పాయిగా ప్రభువుల నుంచి వచ్చిందని చెబుతారు. వారి బిరుదుల్లో ‘షమ్స్-ఉల్-ఉమ్రా’ ఒకటి. షమ్స్ అంటే సూర్యుడు. ప్రభువులలో సూర్యుడి వంటివాడని ఆ బిరుదుకు అర్థం. ఆ సూర్యుడి పేర వెలసిన ఊరు చాలాకాలం బెంగుళూరు రహదారి మీద ఒక మామూలు బస్టాపుగానే వుండిపోయింది. కర్నూలు, మహబూబ్‌నగర్ బస్సులు ఇక్కడ ఆగేవి. పక్క ఊళ్ల రైతులు కూరగాయలు, పూలు తట్టలకెత్తుకుని ఇక్కడి నుంచే నగరానికి వెళ్లేవారు.

1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఈ ఊరు భాగమైంది. 2005 మార్చిలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23 నుంచి విమానాలు రావడం, పోవడం మొదలైంది. అంతకు ముందు దశాబ్దాల పాటు నగరానికి సేవలందించిన బేగంపేట విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. దాదాపు 5,500 ఎకరాల్లో వెలసిన కొత్త విమానాశ్రయం శంషాబాద్ పేరును దేశదేశాలకు చాటింది. 2008లోనే అవుటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి-శంషాబాద్ భాగం తెరుచుకుంది. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. ఊరి పేరు మారలేదు గాని ఊరి తీరు మారిపోయింది.

అమ్మపల్లి రాముడు

ఈ యాత్ర మొదలుపెట్టదగ్గ చోటు అమ్మపల్లి. శంషాబాద్ నుంచి సుమారు అయిదు కిలోమీటర్ల దూరంలో, నర్కూడ గ్రామ పరిధిలో వుంది. దారికి ఇరువైపులా కొత్త ఇళ్లు, వెంచర్ల బోర్డులు దాటుకుంటూ పోతే ఒక్కసారిగా కొబ్బరిచెట్ల తలల మీదుగా గోపురం కనిపిస్తుంది. ఏడంతస్తుల గోపురమది. ఎనభై, తొంభై అడుగుల ఎత్తు వుంటుందంటారు. తెలంగాణ పల్లెల్లో ఇంత ఎత్తయిన పాత గోపురాలు అరుదు. అందుకే మొదటిసారి వచ్చినవారు ద్వారం దగ్గర కాసేపు తలెత్తుకుని నిలబడిపోతారు. ప్రవేశంలోనే శయనించిన విష్ణుమూర్తి శిల్పం పలకరిస్తుంది.

ఆలయం సుమారు 13వ శతాబ్దికి చెందినదని చెబుతారు. గర్భాలయంలో సీతారామలక్ష్మణులు నల్లరాతి విగ్రహాలుగా కొలువై వున్నారు. వెనుక వున్న మకరతోరణంతో సహా అంతా ఒకే రాతిలో మలచినదే. తోరణంలో దశావతారాలు చెక్కి వున్నాయి. దీపం వెలుగు పడినప్పుడు నల్లరాయి నిగనిగలాడుతుంటే ఆ చిన్న చిన్న అవతారమూర్తులు ఒక్కొక్కటిగా కళ్లబడతాయి. తొందరపడి దండం పెట్టి వచ్చేస్తే అవి కనబడవు. పూజారిని అడిగి, హారతి సమయంలో నిదానంగా చూడాలి.

ఇక్కడ మరొక విశేషం వుంది. రాముడున్న చోట పక్కనే చేతులు జోడించి వుండవలసిన ఆంజనేయుడు గర్భాలయంలో లేడు. ఎదురుగా ధ్వజస్తంభం దగ్గర వుండి స్వామిని చూస్తుంటాడు. కడప జిల్లా ఒంటిమిట్ట కోదండరాముడి గుడిలోనూ ఇలాగే ఏకశిలపై ముగ్గురే వున్నారు, హనుమంతుడు లేడు. రాముడు హనుమను కలుసుకోక ముందటి రూపం అది అని ఒంటిమిట్టలో పెద్దలు చెబుతారు. ఒంటిమిట్ట చూసి వచ్చినవారికి అమ్మపల్లిలో అడుగు పెట్టగానే ఆ మాట గుర్తుకు రాక మానదు.

గుడి అందం సగం కోనేటిది. రాతిమెట్లు, చుట్టూ మంటపం, పక్కన కొబ్బరితోట, నీటిలో గోపురం నీడ. ఈ దృశ్యం తెలుగు ప్రేక్షకులందరికీ పరిచయమే. ఎన్నో సినిమాల్లో నాయకుడు, నాయిక పెళ్లి చేసుకున్న గుడి ఇదే. పాటలు పాడుకున్నదీ, ప్రతినాయకుడి మనుషులు తరుముకొచ్చిందీ ఈ మెట్ల మీదనే. నగరానికి దగ్గరగా, పాతకాలపు కళతో వుండటంతో సినిమావారు దశాబ్దాలుగా ఇక్కడికి వస్తున్నారు. ‘సినిమా గుడి’ అన్న పేరు కూడా వచ్చింది. ఊరి పేరు చెబితే తెలియనివారు కూడా ఫొటో చూపిస్తే గుర్తుపడతారు.

శ్రీరామనవమికి ఇక్కడ సీతారాముల కల్యాణం ఘనంగా జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం తరలివస్తారు. మిగతా రోజుల్లో ప్రశాంతంగా వుంటుంది. ఎండ తగ్గిన వేళ మెట్ల మీద కూర్చుంటే పిట్టల అరుపులు, ఆకుల గలగల వినిపిస్తాయి. మధ్య మధ్యలో తల మీదుగా పోయే విమానం హోరు. ఏడు వందల ఏళ్ల గుడికీ నేటి విమానానికీ పొత్తు కుదిరిన చోటు ఇది.

సినిమాలో కోనేరు ఎప్పుడూ నిండుగానే వుంటుంది. నిజానికి అది వానను బట్టి వుంటుంది. వానలు బాగా పడిన ఏడు మెట్లు మునుగుతాయి. ఎండలు ముదిరితే నీరు అడుగు పట్టి పాకుడు మిగులుతుంది. కోనేటికి నీరు గుడి గోడల లోపల పుట్టదు. చుట్టూ వున్న పొలాల నుంచి, భూమి పొరల నుంచి ఊరి రావాలి. ఆ పొలాలు ప్లాట్లుగా మారి, నేల అంతా సిమెంటు కప్పుకుంటే కోనేటికి వూట ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ముచ్చింతల్‌లో సమతామూర్తి

అమ్మపల్లి నుంచి తిరిగి శంషాబాద్ చేరి, బెంగుళూరు రహదారి మీద దక్షిణంగా సాగి ఎడమకు తిరిగితే ముచ్చింతల్ వస్తుంది. ఇక్కడ శ్రీరామనగరంలో చినజీయర్ స్వామి ఆశ్రమ ఆవరణలో భగవద్రామానుజుల మహావిగ్రహం వుంది. ‘సమతామూర్తి’ అని పేరు. 2022 ఫిబ్రవరి 5న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దీనిని ఆవిష్కరించారు.

పంచలోహాలతో తయారైన ఈ విగ్రహం కూర్చున్న భంగిమలో వుంటుంది. విగ్రహం ఎత్తు 108 అడుగులు. కింద 27 అడుగుల పద్మపీఠం, దాని కింద 54 అడుగుల భద్రవేది. చేతిలోని త్రిదండం పై దాకా లెక్కిస్తే మొత్తం 216 అడుగులు. పద్మపీఠాన్ని ఏనుగులు మోస్తున్నట్లు మలిచారు. భద్రవేది లోపల 120 కిలోల బంగారంతో చేసిన రామానుజుల చిన్న విగ్రహం నిత్యపూజలందుకుంటున్నది. దానిని 2022 ఫిబ్రవరి 13న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆవిష్కరించారు. రామానుజులు 1017లో శ్రీపెరుంబుదూరులో జన్మించి 120 ఏళ్లు జీవించారని సంప్రదాయం. అందుకే ఆ 120 కిలోల లెక్క.

విగ్రహం చుట్టూ 108 దివ్యదేశాల నమూనా ఆలయాలున్నాయి. ఆళ్వారులు పాడిన ఈ 108లో 105 మన దేశంలో వున్నాయి. ఒకటి నేపాల్‌లోని ముక్తినాథ్. మిగిలిన రెండూ ఈ లోకంలో లేవు, పాలకడలి, పరమపదం. తెలుగుగడ్డ మీద వున్నవి తిరుమల, అహోబిలం రెండే. మొత్తం తిరగడం ఒక జీవితకాలం పట్టే పని. వయసు మళ్లినవారు, దూరాభారం ప్రయాణాలు చేయలేనివారు ఇక్కడ ఒక పూటలో అన్నిటికీ నమస్కరించుకుంటున్నారు. నడక ఎక్కువ, ఎండ తగిలే చోటు. పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు సాయంత్రం వేళ వెళితే మంచిది. ప్రవేశ రుసుము వుంది. సెలవు రోజు ఏదో ముందుగా తెలుసుకుని బయలుదేరాలి.

రామానుజులు తిరుక్కోట్టియూరులో గురువు రహస్యంగా వుంచమన్న మంత్రాన్ని గోపురమెక్కి అందరికీ వినిపించారన్న కథ ప్రసిద్ధం. తనకు నరకం వచ్చినా సరే, పదిమందికి మోక్షం దక్కితే చాలనుకున్న మనిషి ఆయన. ఆ కథ తెలిసినవారు ఈ విగ్రహం ముందు నిలబడితే ఎత్తు గురించి కాక ఆ మనసు గురించి ఆలోచిస్తారు.

జహంగీర్ పీర్ సన్నిధి

అదే బెంగుళూరు రహదారి మీద మరికొంత దూరం పోయి కొత్తూరు ప్రాంతంలో లోపలికి తిరిగితే ఇన్ముల్‌నర్వ గ్రామంలో జహంగీర్ పీర్ దర్గా వస్తుంది. జనం నోట ఇది ‘జేపీ దర్గా’. గురువారం, ఆదివారం ఇక్కడ జాతరే. ముస్లిములతో పాటు హిందువులు కూడా పెద్ద సంఖ్యలో వస్తారు. కోరిక తీరితే కందూరు చేస్తామని మొక్కుకుంటారు. మొక్కు చెల్లించే రోజున మేకపోతును తెచ్చి, ఫాతిహా ఇప్పించి, అక్కడే వంట చేసి బంధుమిత్రులతో కలిసి భోంచేస్తారు. చెట్ల కింద పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు, పక్కనే ఆడుకునే పిల్లలు. ఎవరి పొయ్యి ఏ మతం వారిదో చూసి చెప్పలేం.

తెలంగాణలో పీర్ల పండుగకు పల్లెలోని అన్ని కులాలవారూ అలాయి చుట్టూ ఆడిన సంప్రదాయం వుంది. జహంగీర్ అని పేరు పెట్టుకున్న హిందువులు ఈ ప్రాంతపు పల్లెల్లో కనిపించడం ఆ సంప్రదాయం కొనసాగింపే. మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు పీరు పేరు పెట్టుకోవడం ఇక్కడివారికి వింత కాదు.

సెలవు రోజుల్లో రద్దీ ఎక్కువ కాబట్టి తాగునీరు, నీడ, మరుగుదొడ్ల అవసరమూ అంతే ఎక్కువ. వంట చేసుకునే క్షేత్రంలో నీరే అన్నిటికన్నా ముందు కావాలి. యాత్రికులు తమ వంతుగా వండుకున్న చోటును శుభ్రం చేసి వెళ్లడం మొక్కులో భాగంగానే భావించాలి.

ఇటువైపు వచ్చినవారు చేగూరు దగ్గర కన్హా శాంతివనం కూడా చూసి వెళుతుంటారు. హార్ట్‌ఫుల్‌నెస్ సంస్థ ప్రధాన కేంద్రమిది. ఒకేసారి లక్షమంది కూర్చుని ధ్యానం చేయగల మందిరాన్ని 2020 జనవరిలో ఇక్కడ ప్రారంభించారు. రోడ్ల విస్తరణలో గొడ్డలి వేటుకు గురికావలసిన పెద్ద చెట్లను వేళ్లతో సహా తెచ్చి ఈ ఆవరణలో నాటి బతికించారు. ధ్యానం మీద ఆసక్తి లేనివారు కూడా ఆ చెట్లను చూడటానికి వెళ్లవచ్చు. దారిలో చలికాలం ముందు వస్తే రహదారి పక్కన సీతాఫలాల బుట్టలు కనిపిస్తాయి. ఇంకా దక్షిణాన వున్న బాలానగర్ పేరు మీదనే ఒక సీతాఫలం రకం దేశమంతటా ప్రసిద్ధమైంది.

కోనేటి నడుమ శివుడు

విమానాశ్రయానికి దక్షిణంగా, తుక్కుగూడ దాటి శ్రీశైలం రోడ్డు వైపు నుంచి వెళితే మహేశ్వరం వస్తుంది. పేరులోనే మహేశ్వరుడున్నాడు. ఇక్కడి శివగంగ రాజరాజేశ్వరస్వామి ఆలయం కోనేటి మధ్యలో వుంది. నీటి నడుమ గుడి, గుడిలో అభిషేకప్రియుడు. ఇంతకంటే శివుడికి తగిన చోటు వుండదనిపిస్తుంది. మహాశివరాత్రికి, కార్తీకమాసానికి జనం ఎక్కువ.

ఈ ఆలయ నిర్మాణంతో అక్కన్న, మాదన్నల పేర్లు ముడిపడి వున్నాయి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మాదన్న ప్రధానమంత్రి. అక్కన్న ఆయన సోదరుడు. భద్రాచల రామదాసుకు మేనమామలు. 1687లో ఔరంగజేబు సేనల చేతికి గోల్కొండ చిక్కడానికి ముందే ఆ సోదరులిద్దరూ హత్యకు గురయ్యారు. రాజ్యం పోయింది, కోట శిథిలమైంది. వారి పేరు చెప్పుకునే గుడులు మాత్రం పల్లెల్లో నిలిచాయి.

మహేశ్వరం నుంచి తిరిగి వచ్చేటప్పుడు శ్రీశైలం రోడ్డు మీదనే పహాడీ షరీఫ్ వస్తుంది. గుట్ట మీద హజరత్ బాబా షర్ఫుద్దీన్ దర్గా వుంది. 13వ శతాబ్దిలో, అంటే కుతుబ్‌షాహీలు, హైదరాబాద్ నగరం పుట్టడానికి ఎంతో ముందే దక్కనుకు వచ్చిన సూఫీ ఆయన. మెట్లెక్కి పైకి చేరితే రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి దక్కను గ్రానైటు బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు కనిపిస్తాయి. ఒక పక్క పాతబస్తీ, మరో పక్క విమానాశ్రయం. కొండ మీద చాదరు కప్పి దువా చేసుకునేవారిలో బురఖాలూ వుంటాయి, బొట్లూ వుంటాయి.

చిలుకూరు ప్రదక్షిణలు

ఇక పడమటి వైపు. శంషాబాద్ నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలి దిక్కుగా వెళ్లి, చేవెళ్ల రోడ్డులోకి దిగితే చిలుకూరు చేరవచ్చు. మొత్తం ముప్ఫై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఉస్మాన్‌సాగర్ ఒడ్డున వున్న ఈ బాలాజీ ఆలయం గురించి తెలియని విద్యార్థి వుండడు. విదేశాలకు వెళ్లదలచినవారు వీసా కోసం మొక్కుకోవడంతో ‘వీసా బాలాజీ’ అన్న పేరు వచ్చింది.

స్థలపురాణం ఇలా చెబుతారు. ఏటా తిరుమలకు కాలినడకన వెళ్లే భక్తుడొకరు జబ్బుపడి ఒక ఏడు వెళ్లలేకపోయాడు. స్వామి కలలో కనిపించి, నేను దగ్గరలోని అడవిలోనే వున్నానని చెప్పాడు. ఆ చోట పుట్టను తవ్వుతుంటే గొడ్డలి తగిలి రక్తం చిమ్మింది. ఆవుపాలు పోసి కడగగా శ్రీదేవీ భూదేవీ సమేతుడైన వేంకటేశ్వరుడు బయటపడ్డాడు. ఆలయం అయిదు వందల ఏళ్ల నాటిదని చెబుతారు. ఇక్కడా అక్కన్న, మాదన్నల పేర్లు వినిపిస్తాయి. 1963లో అమ్మవారి విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.

ఈ గుడిలో హుండీ లేదు. ప్రత్యేక దర్శనం టికెట్టు లేదు. పెద్దవారికి వేరే వరుసా లేదు. మంత్రి అయినా మామూలు మనిషి అయినా ఒకే దారి. కోరిక కోరుకుని 11 ప్రదక్షిణలు చేస్తారు. తీరిన తర్వాత వచ్చి 108 చేస్తారు. లెక్క తప్పకుండా వుండటానికి కార్డు మీద గుర్తు పెట్టుకుంటారు. పరీక్షల కాలంలో, శుక్ర, శని, ఆదివారాల్లో రద్దీ విపరీతం. నెమ్మదిగా దర్శనం కావాలంటే వారం మధ్యలో వెళ్లాలి.

చిలుకూరు దగ్గరే మృగవని జాతీయ ఉద్యానం వుంది. 1994లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 3.6 చదరపు కిలోమీటర్ల చిన్న అడవి. జింకలు, నెమళ్లు కనిపిస్తాయి. చేవెళ్ల రోడ్డుకు ఇరుపక్కలా వందల మర్రిచెట్లు గొడుగు పట్టినట్లుంటాయి. రహదారి వెడల్పు చేసే ప్రతిపాదన వచ్చినప్పుడు వాటిని కాపాడాలని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. గుడిలో రావిచెట్టుకు దారం చుట్టి దండం పెట్టే మనం రోడ్డు మీది మర్రిచెట్టును మరచిపోకూడదు కదా.

రెండు జలాశయాలు, ఒక పాఠం

చిలుకూరు యాత్రలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రెండూ చూడవచ్చు. ఇవి గుడులు కావు గాని నగరానికి గుడులంతటివే. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇలాంటిది మళ్లీ జరగకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయింది. ఒకదానికి ఏడవ నిజాం పేరు, రెండవదానికి ఆయన కుమారుడి పేరు పెట్టారు. వరదను ఆపడమే కాదు, దశాబ్దాల పాటు నగరం దాహం తీర్చినవి ఇవే.

వీటిని కాపాడటానికి 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పరిశ్రమలను, పెద్ద కట్టడాలను కట్టడి చేసింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనెల పరిశ్రమ విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000 డిసెంబరులో కోర్టు ఆ పరిశ్రమకు అనుమతి నిరాకరించింది. జనం తాగే నీటికి ముప్పు రావచ్చన్న అనుమానం వున్నప్పుడు ముప్పు లేదని నిరూపించవలసిన బాధ్యత పరిశ్రమ మీదనే వుంటుందని అంతకు ముందే చెప్పింది. పర్యావరణ న్యాయం చదువుకునే విద్యార్థులు నేటికీ ఆ తీర్పును పాఠంగా చదువుతారు. అది మన శంషాబాద్ మండలం కేసు అని మనలో ఎందరికి తెలుసు?

2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ జీవో ఆంక్షలను తొలగించింది. భూములు అమ్ముకోలేక, కట్టుకోలేక ఏళ్ల తరబడి ఇబ్బంది పడ్డామన్న గ్రామస్థుల బాధ నిజమైనదే. పక్క ఊరి రైతు కోటీశ్వరుడవుతుంటే తన ఎకరం మాత్రం కదలకపోవడం ఎవరికైనా కష్టమే. అలాగని నీటి దారులు మూసుకుపోతే జరిగే నష్టం కూడా చిన్నది కాదు. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగుళూరు రహదారి మీదకు వరద వచ్చింది. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. 2024లో ఆ చెరువులోని ఆక్రమణలను అధికారులు కూల్చివేశారు. చెరువు తన చోటు తాను అడుగుతుంది. మనం ఇవ్వకపోతే అది తీసుకుంటుంది.

పెద్దలు గుడికి ముందు కోనేరు తవ్వడం, ఊరికి ముందు చెరువు కట్టడం ఊరికే చేయలేదు. దేవుడి పేరు చెబితే ఎవరూ నీటిని మలినం చేయరన్నది వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలబెట్టవలసిన వంతు ఇప్పుడు మనది.

ఎలా వెళ్లాలి?

సొంత బండి వున్నవారు ఉదయమే చిలుకూరు వెళ్లి, ఎండెక్కే లోపు అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ చేరి అమ్మపల్లి చూసుకోవచ్చు. మధ్యాహ్న భోజనం శంషాబాద్‌లో కానిచ్చుకుని సాయంత్రానికి ముచ్చింతల్ వెళితే చీకటిపడ్డాక దీపాల వెలుగులో విగ్రహం చూసి రావచ్చు. రెండవ రోజు జహంగీర్ పీర్ దర్గా, కన్హా, మహేశ్వరం, పహాడీ షరీఫ్ పెట్టుకుంటే హడావుడి వుండదు. కందూరు చేసేవారికి దర్గాకు ఒక రోజంతా కావాలి.

బస్సులో వచ్చేవారికి శంషాబాదే కూడలి. నగరం నుంచి ఆర్టీసీ బస్సులు శంషాబాద్‌కు వస్తాయి. ఇక్కడి నుంచి అమ్మపల్లికి ఆటోలో వెళ్లవచ్చు. చిలుకూరుకు మాత్రం మెహిదీపట్నం నుంచి బస్సు ఎక్కడం తేలిక. 2023లో ఎంఎంటీఎస్ రైళ్లు శంషాబాద్ పక్కనున్న ఉందానగర్ స్టేషను దాకా వచ్చాయి. సికిందరాబాద్ వైపు వారికి ఇది చవక ప్రయాణం. అమ్మపల్లి వంటి పాత గుడులు మధ్యాహ్నం మూసి వుంటాయి కాబట్టి ఉదయం గాని సాయంత్రం గాని వెళ్లాలి.

చేయవలసినవి కొన్ని

ఈ క్షేత్రాలన్నీ వేరువేరు యాజమాన్యాల కింద వున్నాయి. కొన్ని దేవాదాయ శాఖవి, కొన్ని వక్ఫ్ బోర్డువి, కొన్ని ఆశ్రమాలవి. చూడవచ్చే మనిషికి మాత్రం అన్నీ ఒకే దారిలో వున్నవే. సెలవు రోజుల్లో ఉందానగర్ స్టేషను, శంషాబాద్ బస్టాండు నుంచి వీటన్నిటినీ కలుపుతూ ఒక ప్రత్యేక బస్సు నడిపితే కారు లేని కుటుంబాలకు మేలు జరుగుతుంది. విమానం దిగి నాలుగైదు గంటలు మరో విమానం కోసం ఎదురుచూసే ప్రయాణికులకు అమ్మపల్లి, ముచ్చింతల్ చూపించి తిరిగి చేర్చే ఏర్పాటు చేస్తే స్థానిక యువకులకు ఉపాధి దొరుకుతుంది.

అన్నిటికన్నా ముందు చేయవలసింది నీటి పని. అమ్మపల్లి, మహేశ్వరం కోనేళ్లలో ఏటా వానాకాలానికి ముందు పూడిక తీయించడం, వాటికి నీరు వచ్చే దారులను సర్వే చేయించి హద్దులు నాటడం, ఆ దారుల మీద కట్టడాలకు అనుమతి ఇవ్వకపోవడం. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. గ్రామస్థులు, భక్తసంఘాలు పూనుకుంటే శ్రమదానంతో కూడా కొంత సాధించవచ్చు. ఒక్క సినిమా షూటింగుకు వచ్చే రుసుములో కొంత భాగం కోనేటికి కేటాయించినా తెరమీద కనిపించే ఆ నిండుదనం నిజంగా నిలుస్తుంది.

సాయంత్రం అమ్మపల్లి మెట్ల మీద కూర్చున్నవారికి నీటిలో గోపురం తలకిందులుగా కనిపిస్తుంది. విమానం పోయినప్పుడు దాని నీడ కూడా ఆ నీటిలో ఒక్క క్షణం కదిలి పోతుంది. రేపు మన పిల్లలు వచ్చి చూసినప్పుడు కూడా ఆ రెండు నీడలూ పడటానికి అక్కడ నీరు వుండాలి. సంబంధిత అధికారులు, ప్రజాప్రతినిధులు, భక్తులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి వుంది.